18446744073709551615 అనే సంఖ్యకు ఏమైనా ప్రత్యేకత ఉందా?

మీరడిగిన సంఖ్య చదరంగం కథలో గింజల లెక్క. మొదటి గడిలో ఒక గింజ, తర్వాత గడిగడికీ రెట్టింపు. అరవై నాలుగు గడులూ నిండితే మొత్తం 2⁶⁴లో ఒకటి తక్కువ. రాజు తెల్లబోయిన కథ అందరూ చెబుతారు గానీ ఆ సంఖ్యను విప్పి చూసేవారే కనబడరు.

మా ఇంటికి ట్యూషన్‌కు వచ్చే పదో తరగతి అబ్బాయి ఒకసారి, "మాస్టారూ, ఇది పదితో నిశ్శేషంగా పోతుంది" అన్నాడు. రెండు ఘాతంలోంచి ఒకటి తీసేస్తే బేసి సంఖ్య కదా, పదితో ఎలా పోతుందిరా అంటే ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు. తెర మీద 18446744073709500000 అని ఉంది. స్ప్రెడ్‌షీట్ పదిహేను అంకెలే గుర్తుపెట్టుకుంటుంది, మిగతా వాటి స్థానంలో సున్నాలు పెట్టి చేతులు దులుపుకుంటుంది. మా అపార్ట్‌మెంట్ సంఘం జాబితాలో పదహారు అంకెల కార్డు నంబర్లన్నీ సున్నాతో ముగియడానికీ ఇదే కారణం. నేను చెబితే కోశాధికారి గారు వినలేదు. కంప్యూటర్ తప్పు చెబుతుందా అని నన్నే ఎదురు ప్రశ్నించారు.

ల్యాప్‌టాప్ మూయించి కాగితం, పెన్సిలు ఇచ్చాను. చివర 5 ఉంది, కాబట్టి ఐదో ఎక్కంలో పోతుంది. అంకెలన్నీ కూడితే 87, కాబట్టి మూడో ఎక్కంలో పోతుంది, తొమ్మిదో ఎక్కంలో పోదు. ఆ తర్వాత కావలసింది వర్గాల భేదం సూత్రం ఒక్కటే. 2⁶⁴−1 అంటే 2³²+1, 2³²−1ల లబ్ధం. ఆ రెండోదాన్ని మళ్లీ అలాగే విడదీస్తూ పోతే 3, 5, 17, 257, 65537 వస్తాయి. ఐదూ ప్రధాన సంఖ్యలే.

మిగిలింది 2³²+1, అంటే 4294967297. ఇదీ ప్రధాన సంఖ్యేనని ఫెర్మా అనే గణితవేత్త నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ కాదని తేల్చాడు. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చేదే అయి ఉండాలి. అంటే వరుసగా 193, 257, 449, 577, 641. మొదటి నాలుగూ పనికిరావు. పెద్ద సంఖ్య అనగానే భయపెట్టి, షార్ట్‌కట్ల పేరుతో ఫీజులు గుంజే కోచింగ్ వాళ్లు ఈ ముక్క ఎందుకు చెప్పరో!

అబ్బాయి 641తో భాగహారం మొదలుపెట్టాడు. 4294లో ఆరుసార్లు, మిగిలింది 448. తొమ్మిది దించితే 4489, అందులో ఏడుసార్లు పోయి మిగిలింది రెండే. అక్కడ రెండు సున్నాలు వేసి ముందుకు వెళ్లాడు. నాలుగు, ఒకటి వేశాక మళ్లీ అదే 448 మిగిలింది. వాడు తలెత్తి నా వైపు చూశాడు. "దించరా" అన్నాను. చివరి ఏడు దించితే 4487, సరిగ్గా ఏడుసార్లు. శేషం సున్నా, భాగఫలం 6700417. అదీ ప్రధాన సంఖ్యే.

కాబట్టి మీరడిగిన సంఖ్యను పూర్తిగా విప్పితే వచ్చేది ఇదీ: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏ ప్రధాన సంఖ్యా రెండోసారి రాలేదు, అందువల్ల దీనికి భాజకాలు సరిగ్గా 128. నన్నడిగితే ఎంత పెద్ద సంఖ్య అయినా పెన్సిలుకు లొంగుతుంది. కాదనేవాళ్లు ముందు ఆ భాగహారం ఒకసారి చేసి చూడండి.