కాటా చీటీతో మొదలుపెట్టు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

మొన్న బైరాగిపట్టెడలో మా ఇంటికొచ్చి, చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్ పని ఒప్పుకున్నానన్నావు. "వాటర్‌ఫాలా, అజైలా మామా?" అని అడిగావు. అంటే అంతా ముందే రాసుకుని ఒక దశ పూర్తయ్యాకే ఇంకో దశకు పోవడమా, కొంచెం కొంచెం చేసి చూపిస్తూ దిద్దుకుంటూ పోవడమా అని. కాఫీ తాగే లోపల తేలే ప్రశ్న కాదని ఇప్పుడు రాస్తున్నాను.

పని దశలను మెట్లలా గీసిన, అందరూ తిట్టే ఆ వాటర్‌ఫాల్ బొమ్మ 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికా ఇంజనీరు రాసిన పేపర్‌లోది. ఆ పేరు ఆయన పెట్టింది కాదు. పైగా ఉన్నదున్నట్టు ఇలాగే చేస్తే ప్రమాదమనీ, కొత్త రకం పనైతే ముందు చిన్నగా ఒకసారి చేసి చూసుకోమనీ ఆయనే రాశాడు. మా తరం బొమ్మ చూసి పేజీ తిప్పేసింది. 2001లో 17 మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు కలిసి రాసిన అజైల్ మేనిఫెస్టోను (ప్రకటనను) మీ తరమూ సగమే చదివింది. డాక్యుమెంట్లకంటే నడిచే సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ విలువిస్తామన్నారు గానీ, డాక్యుమెంట్లు వద్దనలేదు.

నేను చెన్నైలో ఉన్నప్పుడు పాల సేకరణ సాఫ్ట్‌వేర్ ఒకటి చేశాం. రెండు వందల పేజీలు రాసి, పేజీ పేజీకీ సంతకం పెట్టించుకున్నాం. ఎనిమిది నెలల తర్వాత కేంద్రానికి తీసుకెళ్లి చూపిస్తే, పాలు పోయించుకునే ఆయన ఒక్కటే అడిగాడు: "ఒక పేరు మీద మూడిళ్ల పాలు వస్తాయి సార్, డబ్బులు విడదీసేది ఎట్లా?" పాలలో కొవ్వు (ఫ్యాట్), కొవ్వు కాని ఘనపదార్థాల (ఎస్‌ఎన్‌ఎఫ్) లెక్కలు దశాంశాలతో సహా సరిపోయాయి. మూడిళ్ల సంగతి మాత్రం ఏ పేజీలోనూ లేదు. మాకు వివరాలు చెప్పిన ఆఫీసరు ఆ కేంద్రం గడప తొక్కలేదట! డేటాబేస్ టేబుళ్లన్నీ తిరగరాయడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

అందుకే నువ్వు ముందు యజమాని గదికి కాదు, కాటా దగ్గరికి వెళ్లు. ఒక రోజంతా కూర్చో.

నీ పనిలో తేదీ కదలదు. తోతాపురి కాయ నీ టెస్టింగ్ అయ్యేదాకా చెట్టు మీద ఆగదు కదా. కాబట్టి జూన్‌కు ఏది లేకపోతే గేటు తెరవలేరో అదే ముందు చేసి, మిగతావి వెనక్కి నెట్టు.

తర్వాత మార్చాలంటే ప్రాణం మీదకొచ్చేవి మాత్రం పాత పద్ధతిలోనే రాసి సంతకం తీసుకో: తూకం, తరుగు, టన్ను ధర, రైతు ఖాతా. ధర మారిన రోజు లోడుకు ఏ ధర కట్టాలి? ట్రాక్టరు క్యూలోకి వచ్చిన రోజుదా, కాటా ఎక్కిన రోజుదా? రాత్రంతా బయట నిలబడిన రైతుకు అది చిన్న ప్రశ్న కాదు. దాన్ని మీ కుర్రాడెవరో కోడ్‌లో సొంతంగా తేల్చేయకూడదు. స్క్రీన్లు, రిపోర్టులు అంటావా, రెండు వారాలకోసారి చూపించి మార్చుకుంటూ పో.

మొదటి రెండు వారాల్లో ఒకే ఒక్క లోడు ఈ చివర నుంచి ఆ చివరికి నడవాలి. నిండు బండి తూకం, ఖాళీ బండి తూకం, చీటీ, ఖాతాలో జమ. చూడ్డానికి అసహ్యంగా ఉన్నా ఫర్వాలేదు. పోయినేడాది చీటీలు ఒక పెట్టెడు అడిగి తెచ్చుకుని వాటితోనే టెస్ట్ చెయ్. చీటీ మీద పెన్నుతో కొట్టేసి దిద్దినవి ఉంటాయి చూడు, నీకు ఎవరూ చెప్పని రూల్స్ అక్కడే దొరుకుతాయి.

డబ్బు ఒకే మొత్తానికి మాట్లాడుకున్నావు కాబట్టి ఒప్పందంలో ఒక వాక్యం చేర్చు. కొత్త పని ఒకటి లోపలికొస్తే, అంతే సైజు పని ఒకటి బయటికి పోవాలి. చెప్పడానికి మొహమాటపడతావని నాకు తెలుసు, మీ అమ్మ పోలిక. ఇప్పుడే చెప్పు. సీజన్ మధ్యలో చెబితే గొడవవుతుంది.

అజైల్ వాళ్లు రోజూ నిలబడి పెట్టుకునే పావుగంట మీటింగ్ సంగతి నీ ఇష్టం. ఒకే గదిలో ఉండే నలుగురు లేచి నిలబడి మాట్లాడుకోవాలా అని నాకైతే నవ్వొస్తుంది.

మొదటి వారం కాగితం పుస్తకం ఆపనివ్వకు. రెండూ నడిపి, సాయంత్రం టన్నులు పోల్చుకోండి.

ఈసారి చిత్తూరు వెళ్లేటప్పుడు నాకు ఫోన్ చెయ్. ఆ కాటా మనిషితో మాట్లాడాలని నాకూ ఉంది.

మామయ్య