గురువారం బ్లడ్ డొనేషన్, ఆదివారం 10కె రన్... రెండూ చేయొచ్చా?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. నా వయసు 36, బరువు 68 కేజీలు, బీపీ, షుగర్ లేవు. గచ్చిబౌలిలో ఐటీ జాబ్, నైట్ షిఫ్ట్. వచ్చే గురువారం పొద్దున్నే మా ఆఫీస్‌లో తలసేమియా (పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగ్గా తయారవ్వని జబ్బు) పిల్లల కోసం బ్లడ్ డొనేషన్ క్యాంప్ పెట్టారు. అదే వారం ఆదివారం నెక్లెస్ రోడ్‌లో చారిటీ 10కె రన్, దానికి కూడా టీమ్ అంతా పేర్లు ఇచ్చేశాం. రెండూ చేస్తే ఏమన్నా ప్రాబ్లమా? మా టీమ్‌లో ఒకమ్మాయిని పోయినసారి హిమోగ్లోబిన్ 11.8 ఉందని క్యాంప్‌లో వద్దన్నారు, పాపం చాలా ఫీలయింది, తను ఈసారి ఇవ్వొచ్చా?

జవాబు: రెండూ చేయండి, కానీ ఒకే వారంలో వద్దు. ముందు రన్, తర్వాత బ్లడ్. ఎందుకంటే మీ బరువు 55 కేజీలు దాటింది కాబట్టి 450 ఎంఎల్ దాకా తీసుకుంటారు, అందులో పోయిన నీరు ఒకట్రెండు రోజుల్లో మళ్ళీ వచ్చేస్తుంది గానీ ఆక్సిజన్ మోసే ఎర్ర కణాలు పూర్తిగా తయారవ్వడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మూడు రోజుల్లోనే 10కె పరిగెత్తితే సగం దూరానికే ఆయాసం వచ్చేస్తుంది, కాళ్ళు లాగేస్తాయి, పైగా మన ఎండకి కళ్ళు తిరిగే ఛాన్స్ కూడా ఉంది. లేదు సార్, గురువారమే ఇస్తాను అంటారా, అప్పుడు ఆదివారం పరుగు మానేసి నిదానంగా నడవండి, లేదంటే వాటర్ పాయింట్ దగ్గర నిలబడి మిగతావాళ్ళకి నీళ్ళందించండి, అదీ సాయమే.

నాకు రన్ కన్నా ఎక్కువ టెన్షన్ మీ నైట్ షిఫ్ట్ గురించి. రాత్రంతా మేలుకుని షిఫ్ట్ అవ్వగానే అటు నుంచి అటే క్యాంప్‌లో పడుకుని బ్లడ్ ఇచ్చేసి, బైక్ ఎక్కి ఇంటికి పోదాం అనుకుంటున్నారేమో, దయచేసి అలా చేయొద్దు. నిద్ర సరిగ్గా లేని నైట్ షిఫ్ట్ వాళ్ళ దగ్గర రక్తం తీసుకోకూడదని మన దేశంలో రూల్సే ఉన్నాయి. ఖాళీ కడుపుతో కూడా ఇవ్వకూడదు. క్యాంప్ గురువారం అంటున్నారు కాబట్టి చెప్తున్నా, బాబా ఉపవాసం ఉండేవాళ్ళు మీ టీమ్‌లో ఉంటే ఆ రోజు వదిలేసి ఇంకో రోజు ఇవ్వమనండి.

రన్ అయ్యాక మూడు నాలుగు రోజులు బాగా తిని, నీళ్ళు తాగి, ఒళ్ళు నొప్పులు తగ్గాక వీకాఫ్ రోజు చూసుకుని వెళ్ళండి. నొప్పులకి ఆస్పిరిన్ లాంటిది ఏమైనా వేసుకుంటే అక్కడి డాక్టర్‌కి చెప్పండి, ఆస్పిరిన్ వేసుకున్నాక మూడు రోజుల దాకా మీరిచ్చే రక్తంలోని ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి సాయపడే కణాలు) పనికిరావు.

క్యాంప్ మిస్సవుతుందే అని బాధపడకండి. తలసేమియా పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, ఏడాది పొడుగునా. ఎర్ర కణాలు ఫ్రిజ్‌లో పెట్టినా 35 నుంచి 42 రోజులే నిలవుంటాయి, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. అంటే ఆఫీస్ మొత్తం ఒకే రోజు ఇచ్చేసి ఆ తర్వాత మూడు నెలలు ఎవ్వరూ అటు చూడకపోతే ఆ పిల్లల అమ్మానాన్నలు మళ్ళీ డోనర్ల కోసం ఫోన్లు చేసుకుంటూ తిరగాల్సిందే. ఎండాకాలం కాలేజీలకి సెలవులు కాబట్టి క్యాంపులు తగ్గిపోతాయి, వానలు పడ్డాక డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లకి డిమాండ్ పెరుగుతుంది. అందుకే మీ హెచ్‌ఆర్ వాళ్ళకి నా మాటగా చెప్పండి, టీమ్‌కి కొంతమంది చొప్పున వేరు వేరు నెలల్లో ఇచ్చేలా లిస్ట్ వేసుకోండి. శివరాంపల్లిలో తలసేమియా సికిల్ సెల్ సొసైటీకి సొంత బ్లడ్ సెంటరే ఉంది, క్యాంప్ కోసం ఆగాల్సిన పని లేదు.

ఇక ఆ అమ్మాయి సంగతి. హిమోగ్లోబిన్ 12.5 కన్నా తక్కువుంటే మగైనా ఆడైనా తీసుకోరు, ఇందులో తన తప్పేం లేదు. నిజానికి ఆ క్యాంప్ వల్ల తనకి రక్తం తక్కువుందని తెలిసింది, అది మంచిదే అయింది. ఈసారి క్యాంప్‌కి ముందే సీబీపీ (రక్త కణాల లెక్క చూసేది), ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూసేది) టెస్టులు చేయించుకోమనండి, పీరియడ్స్‌లో బ్లీడింగ్ ఎక్కువవుతుంటే గైనకాలజిస్ట్‌ని కలవాలి, ఐరన్ టాబ్లెట్లు డాక్టర్ చెప్పినట్టే వాడాలి. తోటకూర, పెసలు, రాగులు, నాన్‌వెజ్ తింటే లివర్, వాటితోపాటు నిమ్మకాయో జామకాయో ఉండాలి. అన్నం తినగానే ఇరానీ చాయ్ తాగే అలవాటుంటే ఒక గంటా గంటన్నర ఆగాలి, టీ వల్ల ఐరన్ ఒంటికి పట్టదు. రన్‌కి కూడా తన పేరు ఇచ్చి ఉంటే రిపోర్టులు వచ్చేదాకా నడకతో సరిపెట్టుకోవాలి.

ఇంకోటి గట్టిగానే చెప్తున్నా. కొన్ని ఆఫీసుల్లో ఏ టీమ్ నుంచి ఎంతమంది ఇచ్చారో బోర్డు మీద రాసి పెడుతున్నారు, అది ఆపేయాలి. తిప్పి పంపితే అందరికీ తెలిసిపోతుందనే సిగ్గుతో జనం ఫారమ్‌లో నిజాలు దాచేస్తారు, ఈమధ్యే జాండిస్ వచ్చిందనో, టాటూ వేయించుకుని ఏడాది కాలేదనో చెప్పరు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి టెస్టులు ఎలాగూ చేస్తారు, కానీ ఇన్ఫెక్షన్ సోకిన కొత్తలో టెస్ట్‌లో దొరక్కపోవచ్చు, అప్పుడు దెబ్బ తగిలేది ఆ చిన్నపిల్లలకే. కాబట్టి ఎవరినైనా ఎందుకు వద్దన్నారో వాళ్ళకీ డాక్టర్‌కీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు, టీమ్ లీడ్‌కి కూడా.

మీరైతే ఒకసారి ఇచ్చాక మళ్ళీ 90 రోజులు ఆగాలి, ఆడవాళ్ళైతే 120 రోజులు. తర్వాతి రన్‌కి పేరు ఇచ్చే ముందు ఈ లెక్క చూసుకుని, బ్లడ్ ఇచ్చాక కనీసం నాలుగు వారాలు గ్యాప్ ఉండేలా డేట్ పెట్టుకోండి.