కిడ్నీ రక్తనాళంలో స్టెంట్ వేస్తుండగా క్లాట్ కనిపిస్తే

అమ్మా,

రీనల్ స్టెంట్ (కిడ్నీ రక్తనాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం) కేసులో క్లాట్, అంటే రక్తం గడ్డ, వస్తే ముందు ఏం చేయాలని అడిగావు. ఓపీ హడావిడిలో ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నా.

ముందు ఏం చేయకూడదో విను. స్టెంట్‌ని లోపలికి నడిపే వైర్ బయటికి లాగకు. ఫ్లో ఆగగానే టెన్షన్‌లో అన్నీ తీసేసి మళ్లీ మొదలుపెడదామనిపిస్తుంది, కానీ ఆ వైర్ ఉన్నంతసేపే కిడ్నీ దాకా నీకు దారి. అలాగే గైడ్ కాథెటర్ (వైర్, స్టెంట్ వెళ్లే గొట్టం) వెనక నుంచి రక్తం ధారగా రాకపోతే ఎక్స్‌రేలో నాళాలు కనిపించేందుకు వేసే డై అస్సలు ఇంజెక్ట్ చేయకు. లోపల గడ్డ ఉంటే నీ చేత్తో నువ్వే దాన్ని కిడ్నీలోకి తోసినట్టవుతుంది. సిరంజితో గట్టిగా వెనక్కి లాగు, వచ్చిన రక్తాన్ని గాజ్ (పల్చటి డ్రెస్సింగ్) గుడ్డ మీద వదిలి ముక్కలున్నాయేమో కళ్లారా చూడు.

ఈలోపు ఏసీటీ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష) చేయించు. 250 సెకన్ల కంటే తక్కువుంటే హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) చాలలేదన్నమాట. కేసు సాగుతున్నకొద్దీ దాని పని తగ్గిపోతుంది, రెండో డోసు సంగతి ఎవరికీ గుర్తుండదు, అందుకే అరగంటకోసారి ఏసీటీ చెప్పమని నర్సుకి మొదట్లోనే చెప్పి పెట్టుకో. ఏసీటీ బాగానే ఉండి కూడా గడ్డ పెరుగుతోందంటే స్టెంట్ అంచున నాళం చీలిందేమో, స్టెంట్ పూర్తిగా విచ్చుకోలేదేమో చూడాలి. పాత కాగితాలు కూడా తీయించు. ఈమధ్యే డయాలసిస్‌లోనో ఐసీయూలోనో హెపారిన్ ఎక్కి, ఆ తర్వాత ప్లేట్‌లెట్లు సగానికి పడిపోయి ఉంటే హెపారిన్ వల్లే గడ్డ కడుతోందేమోనని అనుమానించు. అప్పుడు గొట్టాలు కడిగే ఫ్లష్‌లో హెపారిన్ కూడా ఆపేయాలి. దాని బదులు వాడే అర్గాట్రోబాన్ లివర్ ద్వారా పోతుంది కాబట్టి ఇలాంటి కిడ్నీ పేషెంట్లకి నయం.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. పేషెంటు నడుం పక్కన చెయ్యి పెట్టి "ఈడ నొస్తుంది సార్" అంటే అది గడ్డ వల్లే అని తేల్చేయకు. వైర్ కొస కిడ్నీని పొడిచి లోపల రక్తం కారుతున్నా అదే నొప్పి, అదే చోట. బీపీ చూడు, వైర్ కొస ఎక్కడుందో చూడు, డై బయటికి లీకవుతోందేమో చూడు. అది తేలకుండా టైరోఫిబాన్ (ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా ఆపే మందు) గానీ గడ్డ కరిగించే మందు గానీ ఇచ్చావంటే ప్రాణం మీదికి వస్తుంది. లీకు లేదని తేలాక, స్పాజమ్ (నాళం బిగుసుకోవడం) అనిపిస్తే నైట్రోగ్లిజరిన్ 100 నుంచి 200 మైక్రోగ్రాములు ఇచ్చి చూడు, తర్వాత ఆస్పిరేషన్ కాథెటర్‌తో గడ్డని పీల్చి లాగు, అదీ కుదరకపోతేనే మందు. క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లకి టైరోఫిబాన్ డోసు తగ్గించడం మరిచిపోకు.

రక్తం పూర్తిగా ఆగితే కిడ్నీ గంటా గంటన్నరకి మించి తట్టుకోవడం కష్టం. పక్క నాళాలు కొంత కాపాడొచ్చు, వాటిని నమ్ముకుని కూర్చోకు. ఒక్క కిడ్నీయే పనిచేస్తున్న మనిషైతే వాస్క్యులర్ సర్జన్‌కి తొందరగా ఫోన్ చెయ్. దీంట్లో నామోషీ ఏం లేదు.

అసలు కేసు ఒప్పుకునే ముందే ఒకటికి రెండుసార్లు ఆలోచించు. కిడ్నీ నాళం సన్నబడ్డవాళ్ల మీద జరిగి 2014లో వచ్చిన కోరల్ ట్రయల్‌లో మామూలు పేషెంట్లకి మందుల కంటే స్టెంట్‌తో అదనపు లాభం కనిపించలేదు. ఊపిరితిత్తుల్లో మాటిమాటికీ నీరు చేరేవాళ్లు, ఎన్ని మందులు వాడినా బీపీ దిగనివాళ్లు, వాళ్ల లెక్క వేరు.

మర్నాడు యూరిన్, క్రియాటినిన్, డాప్లర్ (రక్త ప్రవాహం చూసే స్కాన్) చూసుకో. స్టెంట్‌లో గడ్డ కట్టనివ్వని క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ డాక్టర్ని అడగకుండా ఆపొద్దని తెలుగులో పెద్ద అక్షరాలతో చీటీ రాసి, పేషెంటు హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో మహబూబ్‌నగర్ బస్సెక్కే లోపు వాళ్ల కొడుక్కో కూతురికో చదివి వినిపించు.