నంబర్ వన్ కాని 'మిస్టర్ బ్రైట్‌సైడ్' ఇరవయ్యేళ్లుగా బ్రిటన్ చార్టులో ఎలా నిలిచింది?

అమెరికా రాక్ బ్యాండ్ ద కిల్లర్స్ పాడిన ఈ పాట బ్రిటన్‌లో వారంవారం వచ్చే పాటల ర్యాంకుల పట్టికలో, అంటే చార్టులో, 10వ స్థానం దాటి పైకి వెళ్లలేదు, అయినా ఇప్పటికీ టాప్ 100లో కనిపిస్తుంది, కారణమేంటని అడిగారు. నా మటుకు జవాబు ఇది: అక్కడి జనానికి అది నలుగురూ కలిసి పాడుకునే పాట అయిపోయింది. అలాంటి పాటను ఏడాది పొడుగునా పెట్టుకుంటూనే ఉంటారు. పాత పద్ధతి చార్టుకు ఆ సంగతి కనిపించేది కాదు, ఇప్పటి చార్టుకు కనిపిస్తుంది.

ముందు లెక్క చూద్దాం. పాట 2003లో బ్రిటన్‌లో ఓ చిన్న మ్యూజిక్ కంపెనీ నుంచి కొద్ది కాపీలతో వచ్చింది. 2004 మేలో మళ్లీ విడుదలైనప్పుడు 10వ స్థానానికి చేరింది. 2005లో అమెరికా చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లోనూ సరిగ్గా 10 దగ్గరే ఆగింది. అప్పట్లో సింగిల్, అంటే విడిగా విడుదల చేసే పాట, ప్రధానంగా సీడీయే. ఒకడు ఒకసారి కొంటాడు, ఆ తర్వాత ఇంట్లో వెయ్యిసార్లు విన్నా చార్టుకు తెలియదు. షాపులో సీడీ అయిపోతే పాట చార్టు నుంచి దిగిపోయేది. 2007 నుంచి ఎంత పాత పాటైనా డౌన్‌లోడ్ చేస్తే లెక్కలోకి తీసుకున్నారు. 2014 జులై నుంచి స్ట్రీమింగ్ కూడా కలిసింది. అంటే కొనడం దగ్గర ఆగిపోయిన లెక్క వినడం దాకా వచ్చింది.

అయితే కొత్త లెక్క వల్లే నిలిచిందనుకుంటే పొరపాటు. 2017 నుంచి పాత పాటలకు ఓ నియమం వర్తిస్తోంది: కొన్ని వారాలు చార్టులో ఉండి తగ్గుముఖం పట్టిన పాట స్ట్రీములకు సగం విలువే ఇస్తారు. కొత్తవాళ్లకు చోటివ్వడానికి పెట్టిన నియమం అది, నాకు న్యాయంగానే తోస్తుంది. ఆ సగం విలువతో కూడా ఈ పాట 2024 మే నాటికి టాప్ 100లో 400 వారాలు దాటింది. ఒయాసిస్ బ్యాండ్ పాట 'వండర్‌వాల్'ను వెనక్కి నెట్టి, నంబర్ వన్ కాని పాటల్లో అమ్మకాలు, స్ట్రీములు కలిపి బ్రిటన్‌లో అన్నిటికన్నా పెద్దదిగా నిలిచింది కూడా అప్పుడే. ఈ ఘనతను నేను నంబర్ వన్ కన్నా పెద్దదిగా చూస్తాను. నంబర్ వన్ ఒక్క వారం ఉత్సాహంతో వస్తుంది. ఇన్నేళ్లు నిలవాలంటే ప్రతి ఏడూ కొత్తగా పదిహేడు, పద్దెనిమిదేళ్లకు వచ్చే పిల్లలు ఆ పాటను తమదనుకోవాలి.

ఆ పిల్లలను నేను దగ్గర్నుంచి చూశాను. లీడ్స్‌లో ఎమ్మెస్సీ చేసే రోజుల్లో వారాంతాల్లో ఓ స్టూడెంట్ బార్‌లో పనిచేశాను, గ్లాసులు ఏరడం, బల్లలు తుడవడం. విజయవాడలో పెరిగిన నాకు పాట అంటే సినిమా పాటే. ఏ సినిమాతోనూ సంబంధం లేని ఓ పాట ఇంతమందికి మొదటి మాట నుంచి చివరి మాట దాకా నోటికి రావడం అక్కడే చూశాను. డీజే దాన్ని ఎప్పుడూ రాత్రి చివర్లో వేసేవాడు. గిటార్ మొదలైన రెండు సెకన్లకే గది అవతలి మూలన ఉన్నవాళ్లు కూడా పరుగెత్తుకొచ్చేవారు. నన్ను కూడా భుజం మీద చెయ్యేసి లాగారు. నాకు పల్లవి కూడా సరిగా రాదప్పటికి, అయినా పాడేశాను.

పాడగలగడానికి కారణం పాట కట్టడంలోనే ఉంది. చరణం దాదాపు ఒకే స్వరం మీద నడుస్తుంది, గొంతు బాగాలేకపోయినా ఇబ్బంది లేదు. పైగా రెండో చరణం అంటూ వేరే లేదు. గాయకుడు బ్రాండన్ ఫ్లవర్స్ మొదటి చరణాన్నే మళ్లీ పాడాడు. భజనలో ఒక పంక్తిని తిప్పితిప్పి పాడితే కొత్తగా వచ్చి కూర్చున్నవాడూ గొంతు కలుపుతాడు కదా, ఇక్కడా అంతే. ఇక పల్లవి దగ్గర స్వరం ఒక్కసారిగా పైకి లేస్తుంది. అక్కడ పాడక్కర్లేదు, అరిచినా సరిపోతుంది.

విషయం మాత్రం దుఃఖమే. ప్రేమించిన అమ్మాయి ఇంకొకరితో ఉందని ఊహించుకుంటూ కుమిలిపోయే కుర్రాడి గోడు. లాస్ వేగాస్‌లో హోటల్లో సామాన్లు మోసే పని చేసిన ఫ్లవర్స్ తన సొంత అనుభవం నుంచే రాశాడు. గిటార్ వరుస బ్యాండ్ గిటారిస్ట్ డేవ్ క్యూనింగ్‌ది. పేపర్లో ప్రకటన ఇచ్చి తోడు వెతుక్కున్నాడతను, ఆ ప్రకటన చూసి వచ్చినవాడే ఫ్లవర్స్. మొదట్లో కట్టిన పాటల్లో ఇదొకటి. ఇరవయ్యేళ్ల వయసులో పడే ఆ అసూయ ఏ తరానికైనా ఒకటే. ఒంటరిగా పడే బాధను వందమంది మధ్య గొంతెత్తి పాడితే తేలిక పడుతుందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

బార్‌లో మోగిన పాట సింగిల్స్ చార్టులోకి రాదు, అది గుర్తుంచుకోండి. చార్టుకెక్కేది ఆ తర్వాతది. మాతో పనిచేసిన పిల్లలు ఇంటికెళ్తూ ట్యాక్సీలో ఫోన్‌లో మళ్లీ అదే పెట్టేవారు, మర్నాడు వంటింట్లో గిన్నెలు కడుగుతూ అదే. సెప్టెంబర్‌లో కొత్త బ్యాచ్ వస్తుంది, మళ్లీ మొదలు.

బ్యాండ్ కూడా ఈ పాటను ఎన్నడూ భారంగా చూడలేదు, అందుకు వాళ్లంటే నాకు గౌరవం. 2019లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో దీన్ని ద స్మిత్స్ బ్యాండ్ పాత గిటారిస్ట్ జానీ మార్‌తో కలిసి వాయించారు. 2024 జులైలో లండన్‌లోని ఓ2 అరీనాలో కచేరీ మధ్యలో ఆపి ఇంగ్లండ్, నెదర్లాండ్స్ యూరో ఫుట్‌బాల్ సెమీఫైనల్ చివరి నిమిషాలు తెర మీద చూపించారు. ఇంగ్లండ్ గెలవగానే ఎత్తుకున్న పాట ఇదే. ఆ వీడియో దొరికితే తప్పక చూడండి.

ఇంకోటి, వీళ్లను ఒక్క పాట బ్యాండ్ అనుకోకండి. మొదటి ఏడు స్టూడియో ఆల్బమ్‌లూ బ్రిటన్‌లో నంబర్ వన్ అయ్యాయి. 'మిస్టర్ బ్రైట్‌సైడ్' 2004లో వచ్చిన 'హాట్ ఫస్'లో రెండో పాట. అక్కడ ఆపకుండా ఐదో పాట దాకా వినండి. చివర్లో బృందగానం వచ్చేది అదే, నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ అదే.