లావోస్ సంతలో బేరానికి ఏ మాటలు నేర్చుకోవాలి?

లావోస్ వెళ్లేముందు కొనుగోళ్లకూ, డబ్బు వ్యవహారాలకూ పనికొచ్చే నాలుగు లావో మాటలు చెప్పమని అడిగారు. నా సలహా: వాక్యాల కంటే ముందు అంకెలు నేర్చుకోండి. "ఇది ఎంత?" అని అడగడం అయిదు నిమిషాల్లో వచ్చేస్తుంది. అవతలి నుంచి వచ్చే జవాబు అర్థం కావడమే అసలు పని. అక్కడి కరెన్సీ కిప్, దాని లెక్కంతా వేలల్లో, లక్షల్లో నడుస్తుంది. ఒక గిన్నె నూడుల్స్‌కే ముప్పై, నలభై వేలు అవుతుంది.

ఒకటి నుంచి పది వరకు ఇవి: నుంగ్, సోంగ్, సామ్, సీ, హా, హోక్, చెత్, పేత్, కావ్, సిప్. ఇరవై మాత్రం 'సావ్'. ముప్పై నుంచి మళ్లీ దారిలో పడుతుంది: సామ్ సిప్, సీ సిప్, హా సిప్. వంద 'హోయ్'. వెయ్యి 'ఫన్', ఇందులోది 'ఫలం'లోని ఫ, 'ఫ్యాను'లోది కాదు. లక్షకు మనలాగే వాళ్లకూ విడిగా ఒక మాట ఉంది, 'సేన్'. కొందరు దాన్నే 'హోయ్ ఫన్' అంటారు, అంటే వంద వేలు. పది లక్షలు 'లాన్'. జాగ్రత్తగా వినవలసిన జంట ఒకటుంది: 'సిప్ సీ ఫన్' పద్నాలుగు వేలు, 'సీ సిప్ ఫన్' నలభై వేలు. హడావుడిలో 'ఫన్' వదిలేసి ఉత్త 'హా సిప్' అన్నా యాభై వేలనే అర్థం. అనుమానం వస్తే కాలిక్యులేటర్ వైపు చూపించండి, నొక్కి చూపిస్తారు. అందులో నామోషీ ఏమీ లేదు, వాళ్లకూ అదే సులువు.

ఇక బేరం. లువాంగ్ ప్రబాంగ్ పట్టణంలో సిసవంగ్‌వోంగ్ వీధి పొడవునా సాయంత్రం సంత పెడతారు. అక్కడ ఒక నేత కండువా దగ్గర నాకు సాగిన బేరం ఇది. "ఉఅయ్, అన్ నీ థావ్ దై?" అన్నాను. అక్కా, ఇది ఎంత అని. "హోయ్ హా సిప్ ఫన్" అందామె, అంటే లక్షా యాభై వేలు. "లుత్ దే దై బో?" కొంచెం తగ్గించడం కుదురుతుందా? ఆమె నవ్వి, నన్నే చెప్పమన్నట్టు చూసింది. "సేన్ సావ్ ఫన్ దై బో?" లక్షా ఇరవైకి ఇస్తారా? "బో దై", కుదరదు. చివరికి లక్షా ముప్పైకి ఒప్పుకుంది. డబ్బు తీసుకుని ఆ నోట్లతోనే మిగిలిన బట్టలన్నిటినీ మెల్లగా తట్టుకుంటూ వెళ్లింది. మన బజార్లలో పొద్దున్నే బోణీ డబ్బు కళ్లకద్దుకోవడం చూసినవారికి ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

ఈ బేరంలో రెండు మాటలు గమనించండి. చివర 'బో' చేరిస్తే ప్రశ్న అవుతుంది, మొదట చేరిస్తే 'లేదు, కాదు' అవుతుంది. 'మీ బో?' ఉందా? 'బో మీ', లేదు. 'బో ఆవ్', నాకు వద్దు. రెండోది 'దే'. అది లేకుండా అడిగితే ఆజ్ఞలా ఉంటుంది, ఉంటే మర్యాదగా వినిపిస్తుంది. ధర ఎక్కువనిపిస్తే 'ఫెంగ్' అనవచ్చు, 'ఫెంగ్ ఫోత్' అంటే మరీ ఎక్కువ. నేనైతే 'ఫెంగ్ ఫోత్' వాడను. చేతి మగ్గం మీద నేసిన మనిషి ముందు ఆ మాట అనడం నాకు నచ్చదు. మీ కంటే పెద్దవారైన ఆడవారిని 'ఉఅయ్' అనీ, మగవారిని 'ఆయ్' అనీ, అంటే అక్కా, అన్నా అని పిలవండి. బేరం కుదిరినా కుదరకపోయినా 'ఖోప్ చై' చెప్పి కదలండి. కూరగాయలూ పండ్లూ అమ్మేచోట 'కిలో లా థావ్ దై?' అని కిలో ధర అడిగి కొనుక్కోండి, అక్కడ గీచి గీచి బేరం వద్దు.

నోట్ల విషయానికొస్తే, రెండు వేలది మొదలుకుని లక్షది వరకు అన్నిటి మీదా లావోస్ కమ్యూనిస్టు నాయకుడు కేసోన్ ఫోంవిహాన్ బొమ్మే ఉంటుంది. బొమ్మను బట్టి పోల్చుకోలేరు, సున్నాలు లెక్కపెట్టే ఇవ్వండి. నాణేలు వాడుకలో లేవు. మన డబ్బులోకి మార్చుకోవడానికి ఒక చిట్కా: మూడు సున్నాలు తీసేసి నాలుగుతో గుణించండి. యాభై వేల కిప్‌లంటే దాదాపు 200 రూపాయలు. ఇది ఇటీవలి రేటు ప్రకారం. 2021 మొదట్లో డాలరుకు తొమ్మిది వేల పైచిలుకు కిప్‌లు వచ్చేవి, 2024 నాటికి అది 21 వేలు దాటింది. కాబట్టి పాత యాత్రా కథనాల్లోని ధరలు నమ్మకండి.

రూపాయలు మార్చే చోటు దొరకడం కష్టం. డాలర్లో, థాయ్ బాత్‌లో తీసుకెళ్లండి. డాలర్ నోట్లు చిరుగులూ రాతలూ లేకుండా ఉండాలి, లేకపోతే వెనక్కి ఇచ్చేస్తారు. బ్యాంకును 'థనాఖాన్' అంటారు. మన 'ధనాగారం' అనే సంస్కృత పదమే అది, ఒకసారి వింటే మరిచిపోరు. డబ్బు మార్చడం 'లేక్ ఙన్', చిల్లర 'ఙన్ ఞోయ్'. అక్షరమాలలో నేర్చుకుని పక్కన పెట్టేసిన ఙ, ఞ ఇక్కడ పనికొస్తాయి. చిన్న దుకాణాల్లో లక్ష నోటుకు చిల్లర దొరకదు, పెద్దవి హోటళ్లలో ఖర్చుపెట్టి చిన్నవి దాచుకోండి. ఏటీఎంలో ఒక్కసారికి ఇంతే అనే పరిమితీ, ప్రతిసారీ రుసుమూ ఉంటాయి.

మిగిలిన కిప్‌లను సరిహద్దు దాటకముందే మార్చేసుకోండి. లావోస్ బయట వాటిని తీసుకునేవారు చాలా అరుదు.