రొట్టె మాత్రం వాళ్ళు వచ్చాకే కాల్చు

మలికిపురం

చిట్టితల్లీ,

నిన్న ఫోన్లో సగం మాటలు వానకి వినబడలేదు, మిగతా సగం నీ కంగారులో కొట్టుకుపోయాయి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఆదివారం అల్లుడుగారి ఆఫీసువాళ్ళు ఎనిమిదిమంది భోజనానికి వస్తున్నారు, అన్నానికి ముందు హోటల్లో ఇచ్చినట్టు కాల్చిన బ్రెడ్ ముక్కల మీద వెల్లుల్లి రాసి పెడదామనుకుంటున్నాను, ఎలాగ పెద్దమ్మా అన్నావు. దీనికి టెన్షన్ ఎందుకే! కువైట్‌లో పదకొండేళ్ళు ఒకరింట్లో వంట చేసి వచ్చినదాన్ని. వారానికి రెండుసార్లయినా ఆ ఇంటికి చుట్టాలు దిగేవాళ్ళు. దిగినప్పుడల్లా వంటింట్లోంచి ముందు వెళ్ళే పళ్ళెం ఇదే.

ఇది ఇటలీ వాళ్ళ తిండి. బ్రుస్కెట్టా అంటారు. నిప్పుల మీద కాల్చడం అనే వాళ్ళ మాటలోంచి వచ్చిందట ఆ పేరు. పలచగా, చిన్నగా కోస్తే క్రోస్టీని. వాళ్ళు కాల్చిన రొట్టె మీద పచ్చి వెల్లుల్లి రెబ్బని రుద్ది, ఆలివ్ నూనె పోసుకుని తింటారు. ఆ పచ్చి ఘాటు మనవాళ్ళకి అన్నంలో ఆవకాయతో అయితే బాగుంటుంది గానీ, ఉత్త రొట్టె మీద ముక్కుకెక్కుతుంది. నువ్వు కాల్చిన వెల్లుల్లే రాయి.

పాయని కాలిస్తే అది వేరే వస్తువైపోతుందే. రెబ్బ తెగినా, నలిగినా ఘాటు పుడుతుంది. అల్లిసిన్ అంటారట దాన్ని, మీ అన్నయ్య చెప్పాడు. తెగకుండా పాయ పాయగా వేడిలో పెడితే ఆ ఘాటు పుట్టే దారి మూసుకుపోయి, లోపలి తీపి పైకి వస్తుంది. అందుకని రెబ్బలు వలిచి నూనెలో వేయించి నూరేద్దాం అనుకోకు. కువైట్ వెళ్ళిన కొత్తలో నేను అదే చేశాను. పైన మాడింది, లోపల పచ్చిగా ఉంది, చుట్టాల ముందు మేడం మొహం ఎర్రబడింది.

ఎనిమిదిమందికి తలా మూడు ముక్కలంటే ఇరవై నాలుగు. లావు రెబ్బల పాయలు మూడు చాలు, సన్నరెబ్బలవైతే ఐదు తీసుకో. పైపొర పొట్టు కాస్త రాల్చి, పైన ముచిక దగ్గర అడ్డంగా రెబ్బల కొసలు కనబడేంత కోసెయ్యి. ఆ కాస్త కోతకి ఏమీ కాదులే. కోసినచోట చెంచాడు నూనె, చిటికెడు ఉప్పు వేసి, సిల్వర్ పేపర్లో మూట కట్టు. పెళ్ళికి ఇచ్చిన చిన్న ఓవెన్ అట్టపెట్టెలోనే ఉందన్నావుగా, ఇప్పుడు దింపు. 200 డిగ్రీలకి వేడెక్కనిచ్చి 40 నిమిషాలు పెట్టు. ఒకసారి పుల్లతో గుచ్చి చూడు. ఉడికిన చేమదుంపలో దిగినట్టు మెత్తగా దిగాలి, రంగు తేనెలా ఉండాలి. ముదురు గోధుమరంగు దాటితే చేదే.

ఓవెన్ మొరాయిస్తే మన దిబ్బరొట్టె మూకుడు ఉండనే ఉంది. అడుగున రెండు వేళ్ళ మందాన కల్లుప్పు పరిచి, దాని మీద మూటలు పెట్టి, బరువైన మూతేసి, దిబ్బరొట్టెకి పెట్టేంత సన్నని సెగ మీద ముప్పావుగంట వదిలెయ్యి. మధ్యలో ఒకసారి తిరగెయ్యి. నేనైతే ఇప్పటికీ కుంపట్లో కొబ్బరిచిప్పల బొగ్గు వేసి, నిప్పు చల్లారి నివురు కప్పాక అందులో కప్పెడతాను. ఆ వాసన ఏ ఓవెనూ ఇవ్వదు. మీ భీమవరం అపార్ట్‌మెంట్లో కుంపటి రాజేశావంటే పైవాళ్ళు పరుగెత్తుకొస్తారు, నువ్వు మాత్రం ఆ పని చెయ్యకు.

చల్లారాక పాయని కింద నుంచి నొక్కు. చెరుకురసం మామిడిపండు ముచిక తీసి పిండుకుంటామే, అలాగే గుజ్జు జారుతుంది. ఆ గుజ్జుని చెంచా వెనకతో మెదిపి, 50 గ్రాముల వెన్న, కాస్త మిరియాలపొడి కలుపు. వెన్న కొన్నదైతే అందులో ఉప్పు ఉండొచ్చు, రుచి చూశాకే ఇంకా ఉప్పు వెయ్యి.

ఇదంతా శనివారం రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టేసుకో. ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. మిగిలింది కదాని ఆ గుజ్జుని నూనెలో ముంచి, సీసాలో పోసి, ఆవకాయలా బయట అలమార్లో పెట్టకు. ఆవకాయలో ఉప్పు, పులుపు కాపలా కాస్తాయి. దీనికి ఆ కాపలా లేదు. గాలి తగలని నూనె అడుగున బొటులిజం అనే జబ్బు తెచ్చే క్రిమి పెరుగుతుంది, రంగూ మారదు, వాసనా రాదు. ఫ్రిజ్‌లో అయినా మూడు రోజుల్లో వాడెయ్యి.

ఇక బ్రెడ్. మన బేకరీల్లో పాల బ్రెడ్ అని తియ్యటిది అమ్ముతారు, అది వద్దు. అందులో పంచదార ముందే నల్లబడిపోతుంది. పొడుగు కర్రలాంటి బ్రెడ్ దొరికితే తెచ్చి, చిటికెనవేలు మందాన ఏటవాలుగా కొయ్యి. దొరక్కపోతే మామూలు శాండ్‌విచ్ బ్రెడ్ తెచ్చి, అంచులు తీసి, రెండేసి ముక్కలు చెయ్యి. శనివారమే తెచ్చుకో. ఒకరోజు నిలవున్న బ్రెడ్ తాజాదానికన్నా బాగా కాలుతుంది.

అసలు చిక్కంతా కాల్చే వేళలోనే ఉంది. ఇది శ్రావణం. గోదావరి గట్ల మీద గాలిలోనే నీళ్ళున్నాయి, అప్పడం వేయించి అటు తిరిగి ఇటు తిరిగితే మెత్తబడుతోంది. ఒకేడు ఇలాంటి ముసురులోనే మీ పెదనాన్న స్నేహితులొస్తారని గంట ముందే ముక్కలన్నీ కాల్చి, వెల్లుల్లి రాసి, మూత పెట్టి మురిసిపోయాను. తీరా తీస్తే సాగుతున్నాయి. మీ పెదనాన్న సంగతి తెలుసుగా, ముక్క పట్టుకుని అటూ ఇటూ లాగి, "ఇది తినడానికా, చెప్పుకి అడుగు వేయించుకోడానికా?" అన్నారు అందరి ముందూ. ఆ ఎటకారం ఇప్పటికీ మా వీధిలో బతికే ఉంది.

అందుకని వాళ్ళు వచ్చి, చేతులు కడుక్కుని, మంచినీళ్ళు తాగి కూర్చున్నాకే రొట్టె కాల్చు. ఓవెన్లో 180 డిగ్రీల దగ్గర ఎనిమిది నిమిషాలు. దోసెల పెనం మీదైతే సన్నసెగన ఒక్కోవైపు రెండు మూడు నిమిషాలు, పైన వెన్న పూయకుండా. తడిలేని రొట్టే కరకరలాడుతుంది. దించాక కూడా పళ్ళెంలో ఒకదాని మీద ఒకటి పేర్చకు, కింది ముక్కలు ఆవిరికి చెమ్మగిల్లుతాయి. జల్లెడ మీద విడివిడిగా పరుచు. వేడి తగ్గకముందే అరచెంచా గుజ్జు రాసెయ్యి. గుజ్జుని అరగంట ముందే ఫ్రిజ్‌లోంచి తియ్యి, లేకపోతే గట్టిగా ఉండి రాస్తుంటే రొట్టె విరిగిపోతుంది.

పైన ఏం వెయ్యాలంటావా? మీది భీమవరం, రొయ్య కోసం వెతుక్కోనక్కర్లేదు. వేలెడు కూడా లేని చిన్నరొయ్యలు పావుకిలో తెచ్చి, నరం తీసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి, అవి విడిచిన నీరంతా ఇగిరిపోయేదాకా వేయించు. ముక్కకి ఒకటి, పైన నిమ్మకాయ రెండు చుక్కలు. నన్నడిగితే ఈ ఒక్కటీ చాలు. శాకాహారులకైతే టమాటా గింజలు తీసేసి సన్నగా తరిగి, ఉప్పు చల్లి, పది నిమిషాలు జల్లెడలో ఒంపి పెట్టు. ఆ నీళ్ళు పోకుండా వేశావంటే పెదనాన్న చెప్పిన చెప్పే మళ్ళీ. ఆఖర్న ఆవకాయ ఊట సూదిమొనంత చుక్క వెయ్యి. కువైట్‌లో నా జాడీలోంచి దొంగతనంగా వేసి చూశాను, ఆ వారమంతా మేడం అదే అడిగింది.

అన్నట్టు, అల్లుడుగారిని ముందే అడిగి ఉంచు, వచ్చేవాళ్ళలో ఈ నెల వెల్లుల్లి ముట్టని వాళ్ళు ఎవరన్నా ఉన్నారేమో. ఉంటే వాళ్ళ ముక్కలు వేరే పెనం మీద కాల్చి, గుడ్డలో కట్టి నీళ్ళు దింపిన గట్టి పెరుగు, జీలకర్రపొడి పూసి వేరే పళ్ళెంలో పెట్టు. ఆ పళ్ళెం ముందు వాళ్ళకే ఇవ్వు, ఇంకో పళ్ళెంలోది పొరపాటున తీసుకోకుండా.

ఇంకోటి, మన ఊరి మర్యాద ఇక్కడ వద్దు. "ఇంకోటి, నామాట మీద ఇంకోటి" అని పెట్టావంటే కడుపు బ్రెడ్‌తోనే నిండి, పొద్దుటినుంచీ వండిన పులుసు గిన్నెలోనే ఉండిపోతుంది. తలా మూడు అయ్యాక పళ్ళెం లోపలికి పట్టుకుపోయి అన్నం పిలుపు పిలువు. ఇదంతా నీ ఒక్కదాని మీద వేసుకోకు. కాల్చేది నువ్వు, రాసేది అల్లుడుగారు. ఆయన ఆఫీసువాళ్ళేగా వచ్చేది!

మూకుడు పంపుతున్నాను. శుక్రవారం మన వీధి కుర్రాడు చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వచ్చి, అక్కణ్ణించి మీ భీమవరం బస్సెక్కుతాడు. పదకొండింటికి బస్టాండుకి అల్లుడుగారిని పంపు. దాన్ని ఇనుపపీచుతో రుద్దకు, కొబ్బరిపీచుతో తోమి, తుడిచి, నూనె రాసి పెట్టు. అది మీ అమ్మమ్మది.

ఉంటాను,
నీ పెద్దమ్మ