అత్తగారిని మంచానికి అలవాటు చెయ్యకు అమ్మలూ

అమ్మలూ, రాత్రి నువ్వు ఫోన్లో ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచలా, అందుకే పొద్దున్నే కూర్చుని టైప్ చేస్తున్నా. మీ అత్తగారు బాత్రూంలో కూలబడ్డారు, ఎక్స్‌రేలో ఏం లేదన్నారు, అయినా నాలుగు రోజులైంది కాలు కింద పెట్టలేకపోతున్నారు అన్నావు చూడు, మా అత్తయ్యకీ అచ్చం ఇదే జరిగింది. బెణుకని ఆయింట్‌మెంట్ ఇచ్చి పంపారు, మేమూ నమ్మాం, ఆవిడ "గజ్జల్లో కత్తి దించినట్టుందే" అంటుంటే వయసు నొప్పులే అనుకున్నాం. పది రోజులు అలా పోయాయి. అవి తల్చుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

సీటీ స్కాన్ తీస్తే గజ్జల దగ్గర ఒక పగులు, వెనక వెన్ను అడుగున ఇంకోటి. పెల్విస్ అంటే నడుము కింద గుండ్రంగా ఉండే ఎముకల కట్టు, చేతికేసుకునే గాజు లాంటిది తల్లీ, గాజు ఒక్కచోటే చిట్లడం ఎప్పుడైనా చూశావా? వెనక పగులు మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు. కాబట్టి ఇవాళే ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి సీటీ గానీ ఎంఆర్ఐ గానీ అవసరమేమో గట్టిగా అడుగు. రక్తం పల్చబడే మందులు వాడుతున్నారని మొదటే చెప్పు, లోపల రక్తం కారితే బయటికి తెలీదు, కళ్ళు తిరగడం, మొహం పాలిపోవడం కనిపిస్తే ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి.

మీ ఆడపడుచు పుత్తూరు కట్టు అంటోందట, చేతికో కాలికో అయితే కడతారు గానీ పెల్విస్‌కి ఏం కడతారు చెప్పు.

చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు, అలాగని మూడు నెలలు పడుకోబెడితే మాత్రం మనిషి దక్కదమ్మా. మేం ప్రేమ కొద్దీ మంచం దిగనివ్వలేదు, వారం తిరిగేసరికి మడమ మీద రూపాయి బిళ్ళంత ఎర్రగా కమిలింది, దగ్గు మొదలైంది, కాళ్ళు పుల్లల్లా అయిపోయాయి. డాక్టర్ సరే అనగానే వాకర్ పట్టించి నిలబెట్టు. నొప్పి మాత్ర వేసిన అరగంటకి నడిపిస్తే తేలిగ్గా ఉంటుంది, మొదటిరోజు మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చున్నా చాలు. మెడికల్ షాపులో అడిగి పెయిన్ కిల్లర్ కొనకు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. నొప్పికి గట్టి మందులిస్తే మోషన్ బిగుసుకుపోతుంది, దానికీ మందు అడుగు. పిక్క వాచినా, ఆయాసం వచ్చినా ఊరుకోవద్దు.

ఇంకోటి, నిలబడ్డ మనిషి కూలబడితేనే విరిగిందంటే ఎముక బోలుగా అయిపోయినట్టే. అందరూ పగులు అతుక్కోగానే మర్చిపోతారు, మళ్ళీ పడితే తుంటి విరగొచ్చు. ఎముక ఎంత గట్టిగా ఉందో చూసే డెక్సా స్కాన్, విటమిన్ డి, కిడ్నీ టెస్ట్ చేయించు. ఎముకల బలానికి వారానికో మాత్ర రాస్తే పరగడుపున నిండు గ్లాసు నీళ్ళతో వేసి అరగంట దాకా పడుకోనివ్వకు, కాఫీ కూడా ఆ తర్వాతే. కొందరికి ఏడాదికోసారి ఎక్కించే ఇంజెక్షన్ ఇస్తారు, పళ్ళు పీకించే పనుంటే ముందే చెప్పాలి. ఆవిడ వేసుకునే నిద్రమాత్ర, బీపీ మాత్ర కూడా డాక్టర్‌కి చూపించు, అసలు ఎందుకు పడ్డారో అక్కడే తేలొచ్చు.

శుక్రవారం బస్సుకి నేనొస్తున్నా. మా అత్తయ్య వాకర్ అటక మీద ఉంది, కింద రబ్బరు బుడిపెలు అరిగిపోయాయి, కొత్తవి వేయించి తెస్తా. ఈలోపు కమోడ్ పక్కన గోడకి పట్టుకునే రాడ్ బిగించమని అబ్బాయితో చెప్పు.